మెమరీ నిండిందని వైరు లాగొద్దు



పోయిన నెల పెన్ డ్రైవుల సంగతి రాశాను. ఈ నెల నేను చేసిన తప్పు ఒకటి రాస్తున్నాను. పదిమందికి కంప్యూటర్ నేర్పేవాడు తన తప్పు దాచుకుంటే ఎట్ల? నాకు జరిగింది మీ పేటలో, మీ సంఘం ఆఫీసులో ఎవరికైనా జరగొచ్చు.

మా ఊరి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిల్లు పనికి పోయి, మిల్లు మూతపడినాక తిరిగొచ్చిన కుటుంబాలు కొన్ని ఉన్నాయి. వాళ్ల పీఎఫ్ చీటీలు, సర్వీసు సర్టిఫికెట్లు, జీతం స్లిప్పులు కొన్నేళ్ల కిందట నా జెరాక్స్ అంగడిలోనే స్కాన్ చేసి పెట్టాను. మొత్తం రెండు వందల పన్నెండు కాయితాలు. అన్నీ ఒకే కంప్యూటర్లో, ఒకే హార్డ్ డిస్కులో. ఇంకో చోట నకలు పెట్టలేదు. మొదటి తప్పు అక్కడే చేశాను.

ఒక రోజు పొద్దున్నే మామ ఒకాయన వచ్చినాడు. బెంగళూరులో రెండు మిల్లుల్లో పని చేసినాడు. 1996లో మొదటి మిల్లులో చేరి ఆరేళ్లు, తర్వాత రెండో మిల్లులో ఐదేళ్లు. ఈ ఏడు 58 నిండినాయి.

"అబ్బయ్యా, నా కాయితాలు ఉండాయా? పింఛనుకు పెట్టుకోవాల. మొదటి మిల్లుది చెదలు తినేసె. నీ దగ్గర ఉండేదే ఉండేది" అన్నాడు.

1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాల. ఆరు ఒక్కటే చాలదు, ఐదు ఒక్కటే చాలదు. రెండూ కలిస్తేనే పదకొండు. అంటే ఆ ఒక్క స్కాన్ మీద ఆయన బతికినన్నాళ్లూ వచ్చే పింఛను ఆధారపడి ఉంది. ఈ పథకంలో కనీస పింఛను 2014 సెప్టెంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు. చదివేవాళ్లకు అది చిన్న మొత్తం కావచ్చు. మామకు మాత్రం నెల మాత్రల ఖర్చు అది.

"ఉండాయి మామా, కూసో. తీసిస్తా" అని కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

అది పాత మిషన్. విండోస్ 7, 4 జీబీ ర్యామ్, 500 జీబీ డిస్కు రెండోది వేరేగా ఉంటుంది. కాయితాలన్నీ ఆ రెండో డిస్కులో. ఫోల్డరు తెరిస్తే తెరుచుకోవడానికే రెండు నిమిషాలు పట్టింది. లోపలినుంచి టక్ టక్ అని చప్పుడు. మామ ఫైలు నొక్కితే చదవలేకపోతున్నానని చెప్పింది.

డిస్కులో తప్పులు వెతికే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. దాని పేరు చెక్‌డిస్క్. నల్ల తెర తెరిచి, చెక్‌డిస్క్ పేరు, డ్రైవు అక్షరం, చివర స్లాష్ ఆర్ కొట్టి వదిలాను. స్లాష్ ఆర్ అంటే డిస్కు మొత్తం చదివి, పాడైన చోట్లు కనుక్కుని, అక్కడి సమాచారం వీలైనంత కాపాడమని. అంగడిలో పహణీ జెరాక్స్‌కు వచ్చినోళ్లు నిలబడి ఉన్నారు. బిల్లుల ప్రోగ్రాము, బ్రౌజరు అన్నీ తెరిచే ఉన్నాయి.

కాసేపటికి మౌస్ కదలడం మానేసింది. అంగడి పిల్లోడు టాస్క్ మేనేజర్ తెరిచి, "అన్నా, మెమరీ 96 శాతం! అంతా ఆ చెక్‌డిస్కే తినేస్తాంది. వైరస్ పడిందన్నా!" అని అరిచినాడు.

జనం చూస్తున్నారు, మామ చూస్తున్నాడు. నాకు చెమటలు పట్టినాయి. ఏం ఆలోచించకుండా వైరు లాగేశాను. అది రెండో తప్పు. మళ్లీ ఆన్ చేస్తే డిస్కు కనపడింది గానీ ఫోల్డరు తెరుచుకోలేదు. మామ ఒక్క మాట అనలేదు. "సాయంత్రం వస్తాలే అబ్బయ్యా" అని లేచి పోయినాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండు అనిపించింది.

ఇప్పుడు అసలు సంగతి చెప్తా. ఆ మెమరీ నిండడం వైరసూ కాదు, రోగమూ కాదు.

2009లో ఇదే విషయం మీద ప్రపంచమంతా గోల జరిగింది. విండోస్ 7 తయారై జులై 22న కంపెనీలకు పంపినారు, అక్టోబరు 22న అమ్మకానికి రావాల. ఆ మధ్యలో, ఆగస్టులో, కొందరు రెండో డిస్కు మీద స్లాష్ ఆర్ తనిఖీ పెట్టి చూస్తే ఉన్న మెమరీ అంతా అది పట్టేసింది. పెద్ద లోపం బయటపడిందని, అమ్మకం ఆపాలని కూడా కొందరు రాసినారు. అప్పుడు మైక్రోసాఫ్ట్‌లో విండోస్ పనికి పెద్దగా ఉన్న స్టీవెన్ సినోఫ్‌స్కీ జవాబు చెప్పినాడు. పని తొందరగా ముగియడానికే ఎక్కువ మెమరీ వాడుకునేట్టు కావాలనే తయారు చేశామని, అయినా హద్దు లేకుండా కాదు, కనీసం 50 ఎంబీ వదిలిపెడుతుందని ఆయన మాట. 4 జీబీ మిషన్లో 50 ఎంబీ అంటే ఏ మూలకు? మన బిల్లుల ప్రోగ్రాము, బ్రౌజరు దాంట్లోనే సర్దుకోవాల. అందుకే మౌస్ కూడా కదల్లేదు.

ఇట్ల ఎందుకు అంటే, మిల్లులో ఫోల్డింగ్ ఖాతాలో పని చేసినవాళ్లకు సులభంగా తెలుస్తుంది. గోడౌనులోని తానులన్నీ తెచ్చి బల్ల మీద పరిచి మచ్చలు, తెగిన పోగులు చూడాల. బల్ల చిన్నదైతే కొంచెం కొంచెం తెచ్చి చూసి, మళ్లీ పోయి తేవాల. బల్ల పెద్దదైతే ఒకేసారి పరిచి చూసేయొచ్చు. డిస్కు గోడౌను, మెమరీ బల్ల. చెక్‌డిస్క్ వచ్చి బల్లంతా నాదే అంటుంది. తన పని ముగించి, తిరిగి ఇచ్చేస్తుంది.

ఆ పని ఎంత పెద్దదో కూడా చూడండి. 500 జీబీ డిస్కులో 512 బైట్ల గళ్లు సుమారు 97 కోట్ల 67 లక్షలు ఉంటాయి. స్లాష్ ఆర్ పెడితే తనిఖీ ఐదు మెట్లు నడుస్తుంది. మొదటి మూడు మెట్లలో ఫైళ్ల పట్టిక, ఫోల్డర్ల వరుస, ఎవరికి ఏది తెరిచే హక్కుందనే వివరాలు చూస్తుంది. నాలుగో మెట్టులో ఫైళ్ల లోపలి సమాచారం, ఐదో మెట్టులో ఖాళీ జాగా చదువుతుంది. డిస్కు సెకనుకు 100 ఎంబీ చదివినా మొత్తం చదవడానికి దగ్గర దగ్గర గంటన్నర. పాడైన చోటు తగిలితే అక్కడే ఆగి మళ్లీ మళ్లీ చదవబోతుంది, అంకె ఎంతసేపటికీ కదలదు. మనం ఆగిపోయిందనుకుంటాం. అది పని చేస్తూనే ఉంటుంది.

ఇది విండోస్ ఒక్కదానికే ఉన్న గుణం కాదు. లినక్స్‌లో పెద్ద డిస్కులను తనిఖీ చేసే పనిముట్టు కూడా పట్టికలన్నీ మెమరీలోనే పెట్టుకుంటుంది. మెమరీ చాలకపోతే ఆ పట్టికలను డిస్కు మీద రాసుకోమని చెప్పే సౌకర్యం దాంట్లో ఉంది, కాకపోతే పని నిదానమవుతుంది. ఎక్కడైనా లెక్క ఒకటే: బల్ల అయినా ఇవ్వాల, టైము అయినా ఇవ్వాల.

ఇంక మీరు చేయాల్సిన పని వరుసగా చెప్తా. కత్తిరించి కంప్యూటర్ పక్కన అంటించుకోండి.

ఒకటి. డిస్కు చప్పుడు చేస్తున్నా, ఫైళ్లు నిదానంగా తెరుచుకుంటున్నా, ముందు తనిఖీ కాదు, ముందు నకలు. స్లాష్ ఆర్ తనిఖీ డిస్కును మూల మూలా చదివిస్తుంది. సచ్చిపోయే ఎద్దు చేత మడక దున్నించినట్టు. ఉన్న కొంచెం సత్తువ మన కాయితాలు బయటికి తీయడానికి వాడాల.

రెండు. నకలు తీసేటప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన ఫోల్డరు మొదట. సినిమాలు, పాటలు చివర. విండోస్‌లో రోబోకాపీ అనే పనిముట్టు ఉంది. పాడైన ఫైలు తగిలితే మామూలుగా అది 10 లక్షల సార్లు, సారికి 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. మన జన్మ చాలదు. అందుకని స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 అని చివర పెట్టండి. ఒక్కసారి మళ్లీ చూసి ముందుకు పోతుంది. ఈ స్లాష్ ఆర్ వేరు, చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ వేరు. కలపొద్దు.

మూడు. నకలు చేతికొచ్చినాక తనిఖీ. మొదట స్లాష్ ఏమీ లేకుండా పెడితే చూసి చెప్తుంది, దేన్నీ మార్చదు. పట్టికలో తప్పులుంటే స్లాష్ ఎఫ్ చాలు. అది డిస్కు మొత్తం చదవదు కాబట్టి తొందరగా ముగుస్తుంది. పాడైన చోట్లున్నాయని అనుమానముంటేనే స్లాష్ ఆర్. విండోస్ 8 నుంచి స్లాష్ స్కాన్ అని ఒకటి వచ్చింది, మనం పని చేసుకుంటుండగానే అది చూసుకుంటుంది. దానికి స్లాష్ పెర్ఫ్ తగిలిస్తే తొందరగా ముగిస్తుంది గానీ మిషన్ను ఎక్కువ వాడుకుంటుంది.

నాలుగు. స్లాష్ ఆర్ పెట్టేముందు అన్ని ప్రోగ్రాములూ మూసేయండి. అంగడి కట్టేసినాక రాత్రి పూట పెట్టడం మేలు. విండోస్ ఉండే సి డ్రైవైతే, తర్వాత ఆన్ చేసినప్పుడు చేయమంటావా అని అదే అడుగుతుంది, వై కొట్టండి. అప్పుడు వేరే ప్రోగ్రాములేవీ నడవవు కాబట్టి మెమరీ ఎంత తిన్నా మనకు అడ్డం లేదు.

ఐదు. యూపీఎస్ లేకుండా దిగొద్దు. మన పావగడ తాలూకాలోనే 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా, బ్యాటరీ చూసుకోకుండా నేనింక ఈ పని చేయను.

ఆరు. మెమరీ నిండిందని వైరు లాగొద్దు. తనిఖీ మధ్యలో ఆగినంత మాత్రాన డిస్కు ముందుకన్నా పాడు కాకూడదని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే ఉంది. ఆపాల్సొస్తే నల్ల తెరలో కంట్రోల్ సి నొక్కి ఆపండి. నడుస్తున్న ముసలి డిస్కుకు కరెంటు ఒక్కసారిగా తెంపడం మాత్రం వేరే సంగతి.

మరి మెమరీ విషయంలో ఎప్పుడు భయపడాల? తనిఖీ ముగిసినా మెమరీ దిగకపోతే, లేదా మధ్యలో నీలం తెర వచ్చి మిషన్ పడిపోతే. మామూలు రోజుల్లో మనం ర్యామ్ అంతా వాడం. తనిఖీ మూలమూలా వాడేసరికి, పాడైన ర్యామ్ ముక్క అప్పుడు బయటపడుతుంది. విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష విండోస్‌లోనే ఉంది, అది పెట్టి చూడండి.

ఆ రోజు మధ్యాహ్నం అంగడి మూసి, నీళ్లు తాగి, నిదానంగా కూర్చున్నాను. ఆ డిస్కు తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలించాను. మూడోసారి ఫోల్డరు కనపడింది. రోబోకాపీ పెట్టి రాత్రి పదకొండు దాకా కాచుకున్నాను. రెండు వందల పన్నెండులో రెండు వందల తొమ్మిది వచ్చినాయి. మామ కాయితం వచ్చింది. మర్నాడు రెండు ప్రింట్లు తీసి ఇంటికే తీసుకుపోయి ఇచ్చాను. చేతిలోకి తీసుకుని తన పేరు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. "ఆరేండ్లు కనపడతాండాయి కదా?" అన్నాడు. "కనపడతాండాయి మామా" అన్నాను.

మూడు రాలేదు. నేను వైరు లాగినందుకో, డిస్కు అప్పటికే పాడైనందుకో తేల్చి చెప్పలేను. ఆ మూడిళ్లకూ నేనే పోయి చెప్పినాను. రెండిళ్లలో అసలు కాయితాలు పెట్టెలో భద్రంగా ఉన్నాయి, మళ్లీ స్కాన్ చేశాను. మూడో ఇంట్లో అసలు కాయితం లేదు. ఆ అక్క, "నీ దగ్గరుందని కదప్పా, ధైర్యంగా ఉంటిని" అనింది. ఆమె భర్త సర్వీసు వివరాలు పీఎఫ్ నంబరు పట్టుకుని ఆఫీసులో అడిగే పని ఇప్పుడు నేనే ఆమె వెంట తిరిగి చేస్తున్నాను. ఇంకా ముగియలేదు.

ఇప్పుడు ఆ రెండు వందల పదకొండు కాయితాలు మూడు చోట్ల ఉన్నాయి: అంగడిలో కొత్త డిస్కు, ఇంట్లో ఇంకో డిస్కు, ఎవరివి వాళ్లకు పెన్ డ్రైవులో. మీరూ ఈ ఆదివారం ఆ పని చేయండి. ఇంట్లో పీఎఫ్ చీటీ ఎక్కడుందో అమ్మను, నాయనను అడగండి. ఒకే చోట ఉంటే రెండో నకలు తీయించండి.

వచ్చే నెల, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఫోన్ నంబరు కలపడంలో మన పెద్దోళ్లు పడే ఇబ్బందుల గురించి రాస్తాను. మీ ప్రశ్నలు పత్రికకు రాసి పంపండి.

ఉంటాను.