వ్రాసిన దెవరు?

నేను పనిచేసిన పాఠశాల పూర్వవిద్యార్థులు కొన్ని సంవత్సరముల క్రిందట వాట్సాపులో ఒక బృందమును ఏర్పరచుకొని, నన్నును అందులో చేర్చిరి. గ్రంథాలయపు గదికి క్రొత్త కప్పు వేయించుటకై చందాలు పోగుచేయుచున్న కాలమది. ఒకనాడు ఇంటిపేరును, పొడి అక్షరములును మాత్రమే గల పేరుతో ఒక దీర్ఘమైన సందేశము వచ్చినది. వసూలైన సొమ్మెంత, ఖర్చయిన దెంత, సిమెంటు బస్తాల లెక్కలో రెండుచోట్ల తేడా ఏల వచ్చినది అని నిష్కర్షగా అడిగిన సందేశమది. బృందమంతయు మెచ్చుకొన్నది. “శభాష్ రా” అని కొందరు, “అడగటమంటే ఇదిరా” అని కొందరు వ్రాసిరి. నేనును ఊరకుండక, “నాయనా, భేషుగా వ్రాసితివి” అని బదులిచ్చితిని.

మరునాడు పూర్తి పేరు బయటపడినది. వ్రాసినది ఒక యువతి. ఆ సాయంకాలమునుండియే ధోరణి మారినది. “కొంచెం మెత్తగా అడిగి ఉండవలసింది” అని ఒకరు, “నోరు ఎక్కువ” అని మరియొకరు. వాక్యము లవే, అంకె లవే. ఒక్క కామా యైనను మారలేదు. ఆమె అటుపిమ్మట అందులో ఏమియు వ్రాయలేదు. బస్తాల తేడా సంగతి ఎవరును చెప్పనూ లేదు.

విద్యార్థులారా, ముప్పది యేండ్లకు పైగా తెలుగు వ్యాకరణము బోధించిన నేను “నాయనా” అని ఏల పొరబడితినో చాల దినములు ఆలోచించితిని. హిందీలో ‘నేను వచ్చితిని’ అనుటకు పురుషుడు ‘మై ఆయా’ అనును. స్త్రీ ‘మై ఆయీ’ అనును. నోరు విప్పగనే తెలిసిపోవును. తెలుగులో అట్లు కాదు. ‘వచ్చితిని’ అన్నను, వాడుకలో ‘వచ్చాను’ అన్నను, పలికినవారు ఎవరైనను కావచ్చును. ప్రథమపురుషములో మాత్రము ‘అతడు వచ్చుచున్నాడు’, ‘ఆమె వచ్చుచున్నది’ అని భేదము కలదు. ‘ఆవు వచ్చుచున్నది’ అని కూడ అందుము గదా! స్త్రీకిని గోవునకును ఒకే క్రియ యని చెప్పినప్పుడెల్ల తరగతిలోని బాలికలు నావంక చూచెడి చూపు నాకిప్పటికిని జ్ఞాపకమే. బహువచనమున స్త్రీలు పురుషులతో చేరి ‘వచ్చుచున్నారు’ అగుదురని చెప్పి వారిని ఓదార్చెడివాడను.

పలుకువారి లింగమును ఇట్లు దాచు మన భాష, వినువారి లింగమును మాత్రము అడుగక మానదు. ‘రారా’, ‘రావే’, ‘నాయనా’, ‘అమ్మా’. ఈ కాలపు బాలికలు తమలో తాము ‘రా’ అని పిలుచుకొనుచున్నారు. కొందరు పండితులు దీనికి కనుబొమలు ముడిచెదరు గాని నాకది దోషముగా తోచదు. ‘అండి’ అనునది ఎల్లరకును చెల్లును. నేను “బాగుగా వ్రాసినారండి” అని యుండిన సరిపోయెడిది. కాని మాటలోని గట్టిదనమును చూచి అది మగవాని గొంతే యని నిశ్చయించుకొంటిని. వ్యాకరణము చెప్పని దానిని నా అలవాటు చెప్పినది.

ఆ అలవాటుకు ఆధారమే లేదని అనజాలను. సుసాన్ హెర్రింగ్ అను అమెరికా భాషాశాస్త్రజ్ఞురాలు 1990 దశకములో కంప్యూటరు ద్వారా జరిగిన చర్చలను పరిశీలించినది. పురుషులు దీర్ఘముగా, ఖండనపూర్వకముగా వ్రాయుటయు, స్త్రీలు కృతజ్ఞతను, సమర్థనను ఎక్కువగా తెలుపుటయు ఆమెకు కనబడినవి. అయితే ఈ తేడా పుట్టుకతో వచ్చినదా, స్థానమువలన వచ్చినదా? స్త్రీలు సందేహించుచు, మెత్తపరచుచు మాటలాడుదురని 1975లో రాబిన్ లేకాఫ్ వ్రాసెను. 1980లో ఓబార్, ఆట్కిన్స్ అను ఇరువురు అమెరికా న్యాయస్థానములలోని సాక్షుల పలుకులను పరిశీలించి వేరొక సంగతి ప్రకటించిరి. ఆ మెత్తదనము స్త్రీలందరియందును లేదు. కొందరు పురుషులయందును కలదు. సంఘములో హోదా, న్యాయస్థానముతో పరిచయము గలవారు స్త్రీలైనను నదురు బెదురు లేక మాటలాడిరి.

మన నాటకములు ఎరిగినవారికి ఇది వింత కాదు. శాకుంతలములో దుష్యంతుడు సంస్కృతమును, శకుంతల ప్రాకృతమును పలుకుదురు. ‘ఆడువారికి ప్రాకృతము’ అని మేము పాఠములో ఒక్కమాటతో తేల్చివేసెడివారము. మరి విదూషకుడు పురుషుడే, అందును బ్రాహ్మణుడు, అతనికిని ప్రాకృతమే. ఉంగరము దొరికిన జాలరికిని ప్రాకృతమే. భవభూతి ఉత్తరరామచరితములో రెండవ అంకమున ఆత్రేయి యను తాపసి కలదు. వాల్మీకి ఆశ్రమములో తన చదువు సాగక, అగస్త్యాదుల వద్ద వేదాంతము నేర్చుకొనుటకై దండకారణ్యమునకు నడచివచ్చిన విద్యార్థిని యామె. ఆమె మాటలాడునది సంస్కృతము! చదువు, స్థానము ఉన్నచోట కవి ఆమె నోటికి ఆ భాషనే ఇచ్చెను. ‘ఆత్రేయికి నోరు ఎక్కువ’ అని ఆ నాటకములో ఎవరును అనరు.

గత మాసమున ఆ యువతికి విడిగా ఒక సందేశము పంపితిని. “అమ్మా, ఆ లెక్క ఇంకను తేలలేదు. మరల అడుగరాదా?” అంటిని. “మీరే అడగండి మాస్టారూ” అని బదులు వచ్చినది. ఆమె అనుమతితో ఆమె వాక్యములనే, ఒక్క అక్షరమైనను మార్చక, నా పేరుతో బృందమునకు పంపితిని. రెండు దినములలో రసీదులతో సహా లెక్క వచ్చినది. మెత్తగా అడిగి యుండవలసినదని నాతో ఎవరును అనలేదు.