మా పక్కింటి సారు

ఆదోనిలో మా పక్కింటి సారు పోయారు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దినాలు అయిపోయాక కూడా వచ్చేవాళ్లు ఆగలేదు. మార్కెట్ యార్డు హమాలీలు, ఎమ్మిగనూరు నుంచి ఒక మగ్గం పనివాడు, గుంటూరు వైపు సుగ్గికి, అంటే కోతల కూలికి పోయి ఆలస్యంగా కబురు తెలిసిన ఓ కుటుంబం. అందరిదీ ఒకటే మాట: సారు మా ఇంటికొచ్చినారు.

వచ్చేవారు, నిజమే. ఇక్కడి పంట చేతికి రాని ఏడు కోసిగి, కౌతాళం పక్క పల్లెలు మిరపకోతకూ పత్తి తీతకూ ఇళ్లకు తాళాలేసి కదులుతాయి. వెంట పిల్లలూ పోతే పేర్లు హాజరు పట్టీలోనే మిగులుతాయి. ఆయన ముందుగానే వెళ్లి, పిల్లను అవ్వ దగ్గర విడిచిపోండని బతిమాలేవారు. అందరూ వినలేదు. అప్పిచ్చినవాడి మాట ముందు అయ్యవారి మాట ఎంత!

శాతాలు చెప్పాలంటే, యార్డులో పంట అమ్మి నాయన తెచ్చిన తక్‌పట్టీ పట్టుకురమ్మనేవారు. క్వింటా ధరెంత, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, చేతికొచ్చింది ఎంత? కొన్ని ఇళ్లలో ఆ లెక్క మొదట చూసింది పిల్లలే. 1953 అక్టోబరు 1న బళ్లారి జిల్లా నుంచి ఆంధ్రలోకి వచ్చిన తాలూకా మాది. అందుకే ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలూ ఉండేవారు; వాళ్ల చేత ఆయన ఎక్కాలు కన్నడంలోనే అప్పజెప్పించుకునేవారు. మార్కుల దగ్గర మాత్రం పరమ పిసినారి.

మా పత్రికనూ వదల్లేదు. అచ్చుతప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టి గోడ మీంచి అందించేవారు. ఈ సంచికలో వలసల మీద వ్యాసాలున్నాయి. తప్పులు కనబడితే ఇక పాఠకులే రాయాలి.