దొంగ ఇచ్చిన టోకెన్!

ఓ కాలేజీ ల్యాబులోనో, నెట్ సెంటర్లోనో కంప్యూటర్ ముందు కూర్చున్నారనుకోండి. అంతకుముందు వాడినాయన అప్పుడే లేచి వెళ్లాడు. తెరమీద మీకు తెలిసిన సైటే, లాగిన్ పేజీ తెరిచి ఉంది. అడ్రసు సరైనదే, పక్కన తాళంకప్ప గుర్తూ ఉంది. పాస్‌వర్డ్ కొట్టారు, ఫోనుకి వచ్చిన ఓటీపీ ఇచ్చారు. ఎవరూ తొంగిచూడలేదు, మీరెవరికీ చెప్పలేదు. అయినా సరే, రెండు వీధుల అవతల మరో కంప్యూటర్లో మీ ఖాతా తెరుచుకుంది. చూస్తున్నది ఇందాక లేచి వెళ్లిన పెద్దమనిషే!

అదెలాగంటారా? వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు. ఒక పేజీ అడిగితే ఇస్తుంది, మరుక్షణం ఇంకో పేజీ అడిగితే 'ఎవరు మీరు?' అన్నట్టే ఉంటుంది. ఆ జబ్బుకి విరుగుడుగా 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మాంటుల్లీ 'కుకీ'ని తయారుచేశాడు. సైటు మన బ్రౌజర్‌కి ఓ చిన్న చీటీ ఇస్తుంది. బ్రౌజర్ వెళ్లిన ప్రతిసారీ దాన్ని చూపిస్తుంది. ఆ చీటీ మీదుండే పొడుగాటి నంబరే సెషన్ ఐడీ. లాగిన్ అయ్యాక సైటుకి మన ముఖం, మన పాస్‌వర్డ్ ఏవీ అక్కర్లేదు. నంబరు చాలు.

అక్కడే ఉంది తిరకాసు. గుడి దగ్గర సామాన్లు దాచే గదిని ఊహించుకోండి. ఎవరొచ్చి నంబరు చెబితే వాళ్లకి సంచి ఇచ్చేస్తారు. ఓ మోసగాడు ముందే వెళ్లి 47వ నంబరు టోకెన్ తీసుకున్నాడు. సంచి మాత్రం పెట్టలేదు. బయట ఎండలో క్యూలో నిలబడ్డ పెద్దాయన దగ్గరికొచ్చి 'నాకు పనిలేదండీ, మీరు తీసుకోండి' అంటూ ఎంతో మర్యాదగా టోకెన్ చేతిలో పెట్టాడు. పెద్దాయన సంతోషించి, 47 మీద సంచి పెట్టి దర్శనానికి వెళ్లాడు. ఇక మోసగాడికి కావలసిందల్లా కౌంటర్లో 'నలభై ఏడు' అనడమే.

కంప్యూటర్ దగ్గర జరిగిందీ ఇదే. ముందు కూర్చున్నవాడు లాగిన్ పేజీ తెరిచి, సైటు ఇచ్చిన నంబరు రాసుకుపోయాడు. మీరు అదే నంబరు మీద లాగిన్ అయ్యారు. మామూలుగా దొంగ లాగిన్ అయ్యాక నంబరు కొట్టేస్తాడు, ఇక్కడ లాగిన్‌కి ముందే తన నంబరు అంటగట్టేస్తాడు. స్లొవేనియాకి చెందిన ఏక్రోస్ సెక్యూరిటీలో పనిచేసే మిత్యా కోల్షెక్ 2002 డిసెంబరులో ఈ కిటుకుని 'సెషన్ ఫిక్సేషన్' పేరుతో ఓ పత్రంలో విడమరిచి చెప్పాడు. ఆ రోజుల్లో చాలా సైట్లు నంబరుని అడ్రసు చివర్లోనే తగిలించేవి. కాబట్టి పక్కన కూర్చోవాల్సిన పనీ లేదు, తన నంబరున్న లింకుని మెయిల్లో పంపితే సరిపోయేది.

మందు మాత్రం చాలా చవక. సంచి లోపల పెట్టేటప్పుడు పాత టోకెన్ చించేసి కొత్త నంబరు ఇస్తే చాలు. అంటే, లాగిన్ అవగానే సైటు సెషన్ ఐడీని మార్చెయ్యాలి. ప్రోగ్రామర్‌కి అది ఒకట్రెండు లైన్ల పని. కానీ ఆ లైను మర్చిపోయినా సైటు చక్కగా పనిచేస్తుంది. పరీక్షించేవాళ్లకీ తేడా తెలీదు, వాడేవాళ్లకీ తెలీదు. అందుకే ఈ లోపం ఓ పట్టాన పోదు. 2009లో వచ్చిన పీహెచ్‌పీ 5.3 నుంచి అడ్రసులో వచ్చే నంబర్లని ఒప్పుకోకపోవడమే మామూలు పద్ధతైంది. దాంతో లింకుల బెడద చాలావరకు తగ్గింది. నంబరు మార్చే బాధ్యత మాత్రం సైటు కట్టేవాళ్ల మీదే ఉండిపోయింది.

ఇదే ఎత్తు ఇప్పుడు మరో వేషంలో తిరుగుతోంది. స్మార్ట్ టీవీలో కనిపించే కోడ్‌ని ఫోన్లో కొడితే టీవీలో మన ఖాతా తెరుచుకుంటుంది కదా! మోసగాడు తన కంప్యూటర్‌కి అలాంటి కోడ్ తెప్పించుకుని, మీటింగ్ పిలుపంటూ మనకి పంపుతాడు. మనం అసలైన సైట్లోనే ఆ కోడ్ కొట్టి, మన పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అవుతాం. తలుపు అతనికి తెరుచుకుంటుంది. ఇలాంటి దాడుల గురించి 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ హెచ్చరించింది. అడగకుండా ఎవరో పంపిన కోడ్ ఓటీపీకి తిరగేసిన రూపం. ఓటీపీని బయటికి చెప్పకూడదు, ఇలాంటి కోడ్‌ని లోపలికి కొట్టకూడదు.

నలుగురు వాడే కంప్యూటర్లో అయితే ఎవరో తెరిచిపెట్టిన లాగిన్ పేజీ ముట్టుకోవద్దు. బ్రౌజర్ విండోలన్నీ మూసేసి, ప్రైవేట్ విండోలో అడ్రసు మీరే కొట్టండి. పనయ్యాక విండో మూసి లేచిపోకుండా 'లాగవుట్' నొక్కండి. సైటు సరిగ్గా కట్టిందైతే ఆ నంబరు అప్పుడే రద్దవుతుంది.

ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలుంటే ఓ చిన్న పని చెప్పండి. వాళ్ల సొంత ఖాతాతోనే, లాగిన్‌కి ముందూ తర్వాతా బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో సెషన్ కుకీ విలువ చూడమనండి. రెండుసార్లూ అదే నంబరు కనిపిస్తే ఆ సైటువాళ్లకి ఓ మెయిల్ కొట్టొచ్చు. వాళ్లు తమ కాలేజీ ప్రాజెక్టు కోసం కట్టిన సైటుతో మొదలెడితే ఇంకా మంచిది.