సాఫ్ వేరు, పాక్ వేరు

ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడికి చిన్నప్పుడే ఒంటబట్టే ఫర్క్ ఒకటుంది. సాఫ్ వేరు, పాక్ వేరు. మరక కనిపించని చొక్కా సాఫ్‌గా ఉన్నట్టే. కాని దాని మీద నజాసత్ చుక్క పడి, కడగకుండా ఎండిపోతే ఎంత తెల్లగా మెరిసినా అది పాక్ కాదు. దాంతో నమాజుకు నిలబడం. మా ఇళ్ళల్లో అయిదేళ్ళ పిల్లాడికి తెలిసిన ఈ సంగతి, పళ్ళ డాక్టరు కుర్చీలో కూర్చోగానే మనం ఎందుకు మరిచిపోతాం? ఇవ్వాళ నా సవాల్ ఇదే.

కిందటేడు అమ్మీకి దవడ పన్ను పీకించడానికి మా మొహల్లాలోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను. అద్దాల తలుపు, ఏసీ, గోడ మీద నవ్వుతున్న మోడల్ ఫోటో. అంతా చకాచక్. సహాయకుడు కుర్రాడు ఒక ట్రేలోని ఆకుపచ్చ ద్రవంలో నుంచి పట్టకారు తీసి, నీళ్ళ కింద కడిగి పెట్టాడు. డాక్టర్ సాబ్ గ్లౌజులతోనే ఫోన్ ఎత్తి మాట్లాడి, అవే గ్లౌజులతో అమ్మీ నోట్లో చెయ్యి పెట్టారు. నేను చూశాను. ఏమీ అనలేదు. బయటికొచ్చాక, నోట్లో దూది కరచుకునే అమ్మీ అడిగింది: "బేటా, ఓ సామాన్ పానీ మే సే నికాలే నా, ఉబాలే క్యా?" ఆ సామాను నీళ్ళలోంచే తీశారు కదా, మరగబెట్టారా అని.

డెబ్బై దాటిన మనిషి, షుగర్ ఉన్న మనిషి, స్కూలుకు పోని మనిషి అడిగిన సవాల్ అది. ప్రెస్ మీట్లలో మంత్రులను నిలదీసే నా నోటికి ఆ గదిలో లిహాజ్ తాళం వేసింది. షరం అనిపించింది.

అమ్మీ అలా అడగడానికి వజా ఉంది. మా చిన్నప్పుడు కాంపౌండర్ సాబ్ గాజు సిరంజీని, సూదిని స్టీలు డబ్బాలో వేసి స్టవ్ మీద మరగబెట్టేవాడు. నీళ్ళు బుడగలు రావడం, చిమ్టాతో సూదిని తీయడం మా కళ్ళ ముందే జరిగేది. ఆ మరగబెట్టడం కూడా పూర్తి ఇలాజ్ కాదు. మరిగే నీళ్ళు కొన్ని క్రిముల స్పోర్లను చంపలేవు. అయినా ఆ పని మనకు కనిపించేది. ఇప్పుడు పని తెర వెనక్కి పోయింది. తెర ముందు ఏసీ మిగిలింది.

ఖైర్, ఆ ఆకుపచ్చ ద్రవం సంగతి తర్వాత తెలుసుకున్నాను. చాలాచోట్ల అది గ్లూటరాల్డిహైడ్. మంచి దవాయే, వేడికి పాడయ్యే వస్తువుల కోసం. కాని అందులో ముంచిన వస్తువు స్పోర్లతో సహా శుద్ధి కావాలంటే దాదాపు 10 గంటలు మునిగి ఉండాలి. ఒక మరీజ్‌కూ ఇంకో మరీజ్‌కూ మధ్య పది నిమిషాలు ముంచి తీస్తే అది సాఫ్, పాక్ కాదు. నీలి వెలుగుతో మెరిసే అల్ట్రావయొలెట్ డబ్బా కూడా అంతే. శుద్ధి చేసిన సామాను దాచుకోవడానికే అది పనికొస్తుంది, శుద్ధి చేయడానికి కాదు. వెలుగు తగలని మూలల్లో దాని కరామత్ ఏమీ ఉండదు.

అసల్ పని చేసేది ఆటోక్లేవ్. మన ప్రెషర్ కుక్కరుకు పెద్దన్న. పౌచ్‌లో పెట్టి సీల్ చేసిన సామానుకు 121 డిగ్రీల ఆవిరిలో దాదాపు అరగంట పడుతుంది. 134 డిగ్రీల మిషన్లయితే వేడి పట్టాక కొన్ని నిమిషాలే. ఆ తర్వాత ఆరాలి. పౌచ్ మీది గుర్తు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే అర్థం. మిషన్ నిజంగా చంపుతోందా అని చూడటానికి మొండి స్పోర్లు ఉన్న చిన్న గొట్టాన్ని లోపల పెట్టి పరీక్షిస్తారు. అవి చస్తేనే మిషన్ పాస్.

పంటిని గీకే ఆ కీచుమనే మిషన్ ఉంది చూశారా, హ్యాండ్‌పీస్, అది ఇంకా ఖతర్నాక్. తిరగడం ఆగిన క్షణంలో నోట్లోని ఉమ్మి, నెత్తురు దాని లోపలికి లాక్కోబడగలవు. పైన స్పిరిట్ దూదితో తుడిస్తే లోపలిది లోపలే ఉంటుంది. తర్వాతి మనిషి నోట్లో తిరగడం మొదలుపెట్టగానే బయటికొస్తుంది. అందుకే ప్రతి మరీజ్ తర్వాత దాన్ని ఆటోక్లేవ్‌లో వేయాలి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తుటి మరకలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. దానికి మన స్పిరిట్ దూది అంటే ఏం ఖౌఫ్?

"ఇంతమంది పళ్ళు పీకించుకుంటున్నారు, ఎవరికి ఏమైంది?" అంటారు. వాణియంబాడి పేరు వినండి. తమిళనాడు తిరుపత్తూరు జిల్లా ఊరు, తోళ్ళ కార్ఖానాల ఊరు, ఉర్దూ మాట్లాడే మనవాళ్ళు ఎందరో ఉన్న ఊరు. 2023లో అక్కడి ఒక పళ్ళ క్లినిక్‌కు వెళ్ళొచ్చిన కొందరికి జ్వరం, తలనొప్పి, మాట పడిపోవడం మొదలయ్యాయి. క్రిమి మెదడుకెక్కింది. 8 మంది చనిపోయారు. మట్టిలో, నీళ్ళలో ఉండే మెలియోయిడోసిస్ క్రిమి అది. పరిశోధకుల దర్యాప్తు వివరాలు 2025లో బయటికొచ్చాయి. నోరు కడిగే సెలైన్ సీసాను చిగుళ్ళలో వాడే పనిముట్టుతోనే తెరిచి, దూదితో వదులుగా మూసి, మళ్ళీ మళ్ళీ వాడారట. ఒక సీసా, ఒక దూది ముక్క, 8 జనాజాలు.

ఇది గరీబు ముల్కుల రోగమని కూడా అనుకోకండి. అమెరికాలో ఓక్లహామా రాష్ట్రంలోని టల్సాలో 2013లో ఒక పళ్ళ సర్జన్ దగ్గరికి వెళ్ళిన దాదాపు 7,000 మందిని నెత్తురు పరీక్షకు రమ్మని అధికారులు కబురు పెట్టారు. అక్కడ హెపటైటిస్ సి ఒక మరీజ్ నుంచి ఇంకొకరికి పాకిందని పరీక్షల్లో తేలింది.

వాణియంబాడి ఖబర్ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మీకి నెత్తురు పరీక్ష చేయించాను. అల్‌హందులిల్లాహ్, ఏమీ లేదు. ఆ తర్వాత అదే క్లినిక్‌కు ఒంటరిగా వెళ్ళి, ఆ రోజు మింగేసిన సవాల్ అడిగాను. డాక్టర్ సాబ్‌కు ముందు గుస్సా వచ్చింది. తర్వాత కూర్చోబెట్టి చాయ్ తెప్పించారు. ఆటోక్లేవ్ ఉంది, చూపించారు. "భాయ్, నా దగ్గర హ్యాండ్‌పీసులు రెండే. సాయంత్రం పదిహేను మంది వస్తారు. రాత్రి అన్నీ ఒకేసారి ఆటోక్లేవ్‌లో వేస్తాను. మధ్యలో తుడుస్తాను. కన్సల్టేషన్ 200 అంటేనే మనవాళ్ళు బేరమాడతారు. ఇంకో నాలుగు హ్యాండ్‌పీసులు నేనెక్కడ కొనను?" అన్నారు.

ఆయన అబద్ధం చెప్పలేదు. గరీబు మొహల్లాలో దుకాణం నడపడం ఆసాన్ కాదు. పెద్ద దవాఖానాకు పోలేని మనిషికి ఆయనే దిక్కు. ఆ కద్ర్ నాకుంది. అయినా ఆ ఉజర్‌ను నేను కబూల్ చేయలేను. హోటలువాడు గిరాకీ ఎక్కువైందని ఎంగిలి ప్లేటు తుడిచి వడ్డిస్తే లేచి వచ్చేస్తాం. నెత్తురు తగిలిన పనిముట్టుకు అంతకన్నా తక్కువ ఉసూల్ ఉంటుందా? రెండే హ్యాండ్‌పీసులుంటే మరీజుల మధ్య వ్యవధి పెంచాలి, లేదా ఫీజు 50 రూపాయలు పెంచి ఎందుకో బోర్డు మీద రాయాలి. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న మనిషి ఆయన చేతిలో అమానత్. అమానత్‌కు డిస్కౌంట్ ఉండదు.

ఆ కుర్రాడి ఫిక్ర్ కూడా నాకుంది. ఉత్త చేతులతో సూదులు, పనిముట్లు కడుగుతున్నాడు. మన గల్లీ పిల్లాడే. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు వేయించారా అని అడిగితే బిక్కమొహం వేశాడు. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, నెత్తుటి దూది పసుపు సంచిలోకి, గ్లౌజులు ఎర్ర సంచిలోకి పోవాలి. అక్కడ అన్నీ ఒకే బుట్టలో ఉన్నాయి. ఆ బుట్ట పొద్దున్నే మున్సిపాలిటీ సఫాయి అమ్మ చేతికి పోతుంది. ఆమెకు గుచ్చుకున్న సూదికి ఎవరు జిమ్మేదార్? తనిఖీకి రావాల్సిన హుకూమత్ ఎక్కడుంది?

డాక్టర్ల మీద షక్ పెంచడం నా మక్సద్ కాదు. నిఖార్సుగా పనిచేసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. సీల్ ఉన్న పౌచ్‌ను మన ముందే చింపి సామాను తీస్తారు, అడగకుండానే కొత్త గ్లౌజులు వేసుకుంటారు. మనం అడగడం మొదలుపెడితే అలాంటివాళ్ళకే ఇజ్జత్ పెరుగుతుంది.

అడగాల్సింది మూడే మాటలు. "సాబ్, పౌచ్ నా ముందు తెరుస్తారా? హ్యాండ్‌పీస్ ఆటోక్లేవ్ చేసిందేనా? గ్లౌజులు కొత్తవి వేసుకుంటారా?" కుర్చీలో పడుకోకముందే అడగండి, నోట్లో దూది పెట్టాక మాట రాదు. అడగడం బేఅదబీ కాదు, మన హక్.

వచ్చే నెల అమ్మీకి కట్టుడు పళ్ళ కొలతలు తీయించాలి. అదే క్లినిక్‌కు పోదామంటోంది. డాక్టర్ సాబ్ ఇంకో రెండు హ్యాండ్‌పీసులు కొన్నానని ఫోన్ చేశారు. సరే, పోతాం. ఈసారి అమ్మీ కన్నా ముందు నేనే అడుగుతాను.