ఏ ప్రతి, నాయనా?

మా మేనల్లుడు గజపతినగరంలో మా వీధిగదిలో కూర్చుని హైదరాబాదు కంపెనీకి కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తాడు. మొన్న రాత్రి రెండు దాటినా ఆ గదిలో దీపం ఆరలేదు. "వాడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు, కాస్త కనుక్కోండి" అంది మా ఆవిడ.

సంగతేమిటంటే, ఒక దుకాణం వారి బిల్లుల ప్రోగ్రాములో చిన్న తప్పు కనబడితే వీడు దిద్ది పంపాడు. ఆ తప్పు పోయింది గాని, అసలు బిల్లులే రావడం మానేశాయి!

"ఇవాళ్టి ప్రతి తీసి దిద్దాను, మావయ్యా. వాళ్ల దగ్గరున్నది మూణ్ణెల్ల కిందటిది. ఈ మధ్య మేం సగం రాసి వదిలినవన్నీ దీంతోపాటు వెళ్లిపోయాయి."

"ఆ పాతది లేదట్రా?"

"ఉంది. ఏదో తెలియడం లేదు. ఆ రోజు చీటీ అంటించవలసింది నేనే."

రిపాజిటరీ అని వీళ్లకో భోషాణం ఉంటుందట. మార్చిన ప్రతిసారీ ఆ ప్రతి అందులో దాగుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన గిట్ అనే భోషాణంలో, ఒక్కొక్క ప్రతికీ అంకెలూ అక్షరాలూ కలిపి 40 ఉండే గుర్తు పడుతుంది. అది ఎవరికి నోటికొస్తుంది? అందుకే బయటికి పంపిన ప్రతికి "2.4" అని ఒక చీటీ కడతారు. దాన్నే ట్యాగు అంటారు. "తాజా ప్రతి" అంటే రోజుకొకటి వస్తుంది, "2.4" అంటే ఎప్పుడడిగినా అదే వస్తుంది.

నవ్వబోయి ఆగిపోయాను. 'కన్యాశుల్కం'లో అంకాలు అయిదని నేనూ, ఏడని నా స్నేహితుడూ విజయనగరంలో వాదించుకుని ఆరునెలలు మాట్లాడుకోలేదు. నా చేతిలోది గురజాడ వారు 1897లో అచ్చువేసిన నాటకం. అతని చేతిలోది 1909లో తిరగరాసింది. ఇద్దరం పుస్తకం చూశాం గాని, సంవత్సరం చూడలేదు!

దుకాణానికి పంపిన తేదీని బట్టి మావాడు ఆ ప్రతిని పట్టుకుని "2.4" అని చీటీ కట్టాడు. దాని మీదే తప్పు దిద్ది, తెల్లవారేసరికి పంపాడు.

"ఆ చీటీనే విప్పి దీనికి కట్టేస్తే పోలా?" అన్నాను.

"వద్దు మావయ్యా. పాతది పట్టుకున్నవాడూ, కొత్తది పట్టుకున్నవాడూ ఒకే పేరు చెబుతారు. మళ్లీ మీ తగువే!"

కొత్తదానికి "2.4.1" అని కట్టాడు. నేను స్నేహితుడికి ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. ముందు తేదీ వేశాను.