ఇల్లు ఎవరిది, బీమా ఎవరికి?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్ ఇళ్ళను ముంచెత్తింది. నీళ్ళు తీశాక ఇంట్లో బురద ఎత్తిపోసే చాకిరీ స్త్రీలదే. బీమా సొమ్ము మాత్రం పాలసీ ఎవరి పేరున ఉంటే వారికే చేరుతుంది. పాలసీ సాధారణంగా ఇల్లు ఎవరి పేరున ఉంటే వారి పేరునే ఉంటుంది. ఇల్లేమో చాలాచోట్ల ఇప్పటికీ భర్త పేరునే!

2021 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న 'భారత్ గృహ రక్ష' పాలసీ వరద నష్టానికీ వర్తిస్తుంది. ఇంటికి బీమా చేస్తే, ఆ మొత్తంలో 20 శాతం మేరకు, 10 లక్షల రూపాయలు మించకుండా, సామాన్లకూ రక్షణ ఉంటుంది. నగలకు విడిగా అడగాలి. అద్దెకున్నవారు సామాన్లకు మాత్రమే బీమా చేసుకోవచ్చు.

మన సంఘాలు పొదుపు లెక్కలతోపాటు ఈ కాగితాలు చదవడమూ నేర్పాలి. ఇంటికీ పాలసీకీ స్త్రీ పేరు ఎక్కాలని పట్టుబట్టాలి. పట్టాయే లేని కాలువగట్టు ఇళ్ళ విషయంలో బాధ్యత ప్రభుత్వానిదే. ఆ మాట గట్టిగా అడగవలసిందీ మనమే.