మా పేరు అమ్మకానికేనా?

నిజాంపేట అపార్టుమెంట్ల కుండీల్లో బిళ్ళగన్నేరు పూస్తుంది. వాటికి నీళ్లు పోసే మా ఆడవాళ్లకు అది మందుచెట్టని తెలుసు. రోడ్డు పక్కన డేరా వేసి, అడవి మూలికలతో క్యాన్సర్ మాయం అని బోర్డు పెట్టేవాడికి మా పేరు మాత్రమే తెలుసు.

సూటిగా చెబుతున్నాం. ఆ సీసాలు మావి కావు. క్యాన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గడ్డ కనిపిస్తే మా వాళ్లయినా రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే ఆసుపత్రికే వెళ్లాలి. పసరు నమ్మి కీమో మానుకోవద్దు.

అలాగని చెట్టులో ఏమీ లేదంటే ఒప్పుకోం. బిళ్ళగన్నేరులోని విన్‌క్రిస్టిన్ క్యాన్సర్ కణం రెండుగా చీలకుండా అడ్డుపడుతుంది. పిల్లల రక్తక్యాన్సర్‌కు నేటికీ ఇస్తున్నారు. దీనికి దారి ఎవరు చూపారు? జమైకా జనం షుగరుకి ఆ ఆకు కషాయం తాగుతారని విని, 1952లో కెనడా ప్రయోగశాలకు ఆకులు పంపారు. షుగరు తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గాయి. అలా మొదట విన్‌బ్లాస్టిన్, తర్వాత విన్‌క్రిస్టిన్ బయటపడ్డాయి. ల్యాబు శ్రమను మేం తక్కువ చెయ్యం. కానీ వేల ఆకుల్లో ఆ ఆకునే పరీక్షకు పెట్టించింది జనం నోటి మాట.

ఆ మాటకు వాటా ఇవ్వడం కుదరదనేవాళ్లు కేరళ చూడాలి. కాణి ఆదివాసీలు చూపిన ఆరోగ్యపచ్చతో అలసట తీర్చే 'జీవని' తయారైంది. 1995లో దాని లైసెన్సు ఇచ్చినప్పుడు రుసుములోనూ రాయల్టీలోనూ సగం కాణీలకని నిర్ణయించారు.

మరి మన చట్టం ఎటు నడుస్తోంది? 2002 జీవవైవిధ్య చట్టం వాటా ఇమ్మంది. 2023 సవరణ గ్రంథాల్లో ఉన్న సంప్రదాయ జ్ఞానానికి మినహాయింపు ఇచ్చింది. ఏ గ్రంథాలంటే, 1940 మందుల చట్టం జాబితాలోనివి. ఆ జాబితాలో మా అవ్వ లేదు. అవ్వ చెప్పిందే ఆ పుస్తకంలోనూ దొరికితే, ఇక అవ్వకు ఎవరూ బాకీ లేనట్టే! రాసుకున్నవాడిది జ్ఞానం, చెప్పినవాళ్లది ఊసుపోక కబురా?

మాకు దయ వద్దు. ప్రతి గూడెంలో జీవవైవిధ్య రిజిస్టరు మా భాషలో, మా ముందు రాయాలి. నోటి జ్ఞానానికి పుస్తకంతో సమానమైన విలువ కావాలి. పక్కనే బాచుపల్లిలో మందుల కంపెనీలున్నాయి, నగరమంతా ప్రయోగశాలలున్నాయి. వాళ్లందరికీ మా మాట ఒక్కటే. ముందు ఒప్పందంలో మా గ్రామసభ పేరు రాయండి. తర్వాత వేరు తవ్వుదురు గాని.